పిలవకుండా లేచే ప్రోగ్రాములు

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. పాస్‌వర్డ్ కొట్టాక బ్రౌజర్ తెరుచుకోవడానికే ఐదు నిమిషాలు పడుతోందని, ఇక కొత్త కంప్యూటర్ కొనక తప్పదేమోనని రాశావు. కొనే ముందు ఒక పని చేసి చూడు. నువ్వు లాగిన్ అయిన మరుక్షణం, నువ్వు పిలవని ప్రోగ్రాములు పదో పన్నెండో ఒక్కసారిగా లేచి ప్రాసెసర్ కోసం, డిస్కు కోసం తోసుకుంటున్నాయని నా అనుమానం. అవి దొంగచాటుగా వచ్చినవి కావు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కుకుంటూ పోయి చాలావాటికి మనమే అనుమతి ఇచ్చి ఉంటాం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్ 11లో ఎడమవైపు ‘స్టార్టప్ యాప్స్’ కనబడుతుంది. విండోస్ 10లో అయితే అది పైన ‘స్టార్టప్’ అనే ట్యాబ్‌గా ఉంటుంది. అక్కడ ‘స్టార్టప్ ఇంపాక్ట్’ అనే గడిని చూడు. ‘హై’ అని ఉంటే, ఆ ప్రోగ్రాము లేచేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకను కంటే ఎక్కువసేపు వాడుకుందని, లేదా డిస్కు మీద 3 మెగాబైట్లకు మించి పని పెట్టిందని అర్థం. పై మూలన ‘లాస్ట్ బయోస్ టైమ్’ అనే అంకె కూడా ఉండవచ్చు. అది విండోస్ మొదలు కాకముందే గడిచిన కాలం కాబట్టి, ఈ జాబితాలో ఎన్ని ఆపినా అది తగ్గదు.

చాటింగ్, పాటలు, ఆటలకు సంబంధించినవాటిని నిశ్చింతగా ఆపవచ్చు. పేరు మీద కుడి క్లిక్ చేసి ‘డిజేబుల్’ నొక్కితే ప్రోగ్రాము చెరిగిపోదు. తనంత తాను లేవడం మాత్రమే మానేస్తుంది, నువ్వు తెరిచినప్పుడు ఎప్పటిలాగే పనిచేస్తుంది. యాంటీవైరస్ జోలికి మాత్రం వెళ్లకు. నీ ఫైళ్ల నకళ్లను ఇంటర్నెట్‌లో (దాన్నే క్లౌడ్ అంటారు) దాచే వన్‌డ్రైవ్ విషయంలోనూ ఆలోచించు: దాన్ని ఆపితే, నువ్వు మళ్లీ తెరిచేదాకా నీ ఫైళ్లలో చేసిన మార్పులు క్లౌడ్‌లోకి చేరవు.

నేనొకసారి ఉత్సాహం కొద్దీ జాబితాలో ఉన్నవన్నీ వరుసగా ఆపేశాను. మర్నాడు టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో జరిపితే పేజీ కదలలేదు. టచ్‌ప్యాడే పాడైందనుకుని ఒక పూటంతా తంటాలు పడ్డాక, దాని ప్రోగ్రామును కూడా నేనే ఆపానని తెలిసింది. అందుకే రెండు మూడు మాత్రమే ఆపి, రీస్టార్ట్ చేసి, ఒకరోజు వాడి చూసి, ఆ తరువాతే తక్కినవాటి సంగతి చూడు. షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ అని ఎందుకు అంటున్నానంటే, ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేసినా విండోస్ తనలోని కొంత భాగాన్ని డిస్కులో దాచుకుని మళ్లీ దాన్నే తీస్తుంది. రీస్టార్ట్‌లో అంతా మొదటినుంచి మొదలవుతుంది.

కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ జాబితాలోకి ఎక్కుతాయి. అలాంటివాటిని వాటి సొంత సెట్టింగ్స్‌లోనే కట్టడి చేయాలి. ఇవన్నీ చేశాక కూడా, ఏమీ తెరవకుండానే టాస్క్ మేనేజర్‌లో మెమరీ దాదాపు నిండినట్టు కనబడితే, అప్పుడు ర్యామ్, అంటే ఆ మెమరీని, పెంచే మాట మాట్లాడుకుందాం.

పేరు చూసి ఏమిటో తెలియనిదాన్ని ఆపకుండా అలాగే ఉంచి, ఆ తెరను ఫొటో తీసి నాకు పంపు.

ఇట్లు,
మీ నాన్న