తల కదిలితేనే చెదిరే చూపు

సంపాదకులకు నమస్కారం.

చూపు మసకబారడానికి గల కారణాలపై ఇటీవల మీ ఆరోగ్య పుటలో వచ్చిన వ్యాసం కళ్లద్దాలు, శుక్లాలు, మధుమేహం దగ్గరే ఆగిపోయింది. కంట్లో ఏ లోపమూ లేకుండా చెవి నరంలోని గడ్డ వల్ల చూపు చెదిరే సందర్భమూ ఉంటుంది. దాన్ని స్వయంగా అనుభవించినవాడిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నడుస్తుంటే ఎదుటి బోర్డు మీది అక్షరాలు గెంతేవి. ఆగి నిలబడితే కుదుటపడేవి. రెండుసార్లు కళ్లద్దాలు మార్చినా ఫలితం లేకపోయింది. రెండుసార్లూ చార్టులోని చివరి వరుస వరకు తడుముకోకుండా చదివాను కనుక చూపు బాగానే ఉందని కంటి వైద్యులు అన్నారు. వారు చెప్పింది తప్పు కాదు. కాకపోతే ఆ చార్టును గడ్డం కదపకుండా కూర్చుని చదివాను. తల కదిలినప్పుడే బయటపడే లోపం అలాంటి పరీక్షకు దొరికే వీలు లేదు.

మనం తలను ఒక పక్కకు తిప్పినప్పుడల్లా కనుగుడ్లు అంతే వేగంతో ఎదురు పక్కకు కదులుతాయి కాబట్టే దృశ్యం నిలకడగా కనిపిస్తుంది. తల కదిలిందన్న సమాచారం లోపలి చెవిలోని అర్ధవృత్తాకార నాళాల నుంచి చెవి నరమైన ఎనిమిదవ కపాల నరం ద్వారా మెదడు కాండానికి చేరి, దాదాపు సెకనులో వందో వంతు కాలంలోనే కంటి కండరాలను కదిలిస్తుంది. ఆ నరానికి తొడుగుగా ఉండే ష్వాన్ కణాల్లో పుట్టే గడ్డను వెస్టిబ్యులార్ ష్వానోమా అంటారు. అకౌస్టిక్ న్యూరోమా అన్నది దాని పాత పేరు. ఇది క్యాన్సర్ కాదు. చాలామందిలో ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించి పెరగదు, కొందరిలో అసలు పెరగదు. నరం కొద్దికొద్దిగా బలహీనపడుతుంటే మెదడు కూడా ఎప్పటికప్పుడు సర్దుకుంటుంది కనుక గిర్రున తల తిరగడం వంటి పెద్ద హెచ్చరిక రాకపోవచ్చు. ఒక చెవిలో హోరు, చీకట్లో కాస్త తూలడం, తెలియకుండానే ఫోనును రెండో చెవికి మార్చుకోవడం, ఇవే ఆనవాళ్లు. నేను ఫోను మార్చుకుంటున్న సంగతి ఇంట్లోవాళ్లు చెబితే గానీ గమనించలేదు.

గడ్డ పెద్దదై చిన్నమెదడును, మెదడు కాండాన్ని నొక్కడం మొదలుపెడితే కనుగుడ్ల అదురు రెండు తీరులుగా ఉంటుంది. గడ్డ ఉన్న వైపు చూసినప్పుడు, చూపును పక్కన పట్టి నిలిపే శక్తి తగ్గినందువల్ల గుడ్లు పెద్ద ఊపుతో నెమ్మదిగా కొట్టుకుంటాయి. రెండో వైపు చూసినప్పుడు, చెవుల సంకేతాల మధ్య తూకం తప్పినందువల్ల సన్నగా, వేగంగా అదురుతాయి. జర్మన్ నరాల వైద్యుడు లుడ్విగ్ బ్రన్స్ పేరుతో దీన్ని బ్రన్స్ నిస్టాగ్మస్ అంటున్నారు. కంటిని బయటి పక్కకు తిప్పే ఆరవ నరం కూడా ఒత్తిడికి గురైతే ఒకే వస్తువు రెండుగా కనిపిస్తుంది. అలా రెండుగా కనిపించడం ఒక కన్ను మూస్తే పోతుంది, అదురు మాత్రం పోదు. రెండింటినీ రోగులు ‘మసక’ అనే ఒక్క మాటతోనే చెబుతారు కనుక ఈ తేడాను అడిగి తెలుసుకోవలసిందే.

చూపు మసకబారిన ప్రతివారికీ గడ్డ ఉంటుందని నా ఉద్దేశం కాదు. ఇది అరుదైన జబ్బే. అయినా అద్దాలు మార్చినా తగ్గని మసకతో వచ్చినవారిని, తల అటూ ఇటూ ఊపుతూ అదే చార్టును మరోసారి చదవమనడానికి రెండు నిమిషాలు చాలు. ఒకటి రెండు వరుసలు తగ్గడం సహజం; మూడు గానీ అంతకు మించి గానీ తగ్గితే లోపలి చెవిని అనుమానించాలి. తలను చటుక్కున కొద్దిగా తిప్పి కనుగుడ్లు గురి తప్పుతాయేమో చూసే పరీక్షను హల్మాగీ, కర్టాయిస్ అనే వైద్య పరిశోధకులు 1988లోనే వివరించారు. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. రోగి మెదడు బాగా సర్దుకున్న దశలో ఉంటే ఈ పరీక్షల్లో ఏమీ తేలకపోవచ్చు కాబట్టి, ఒక చెవి వినికిడి మాత్రమే తగ్గినవారికి ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్ష, అవసరమైతే గడ్డ స్పష్టంగా కనిపించేందుకు గాడోలినియం అనే మందు ఎక్కించి తీసే ఎం.ఆర్.ఐ. తప్పనిసరి.

మీ వ్యాసంలో కంటి పరీక్షకు వెళ్లేవారు వైద్యునికి చెప్పవలసిన విషయాల జాబితా ఒకటి ఇచ్చారు. అందులో చెవి ప్రస్తావన లేదు. తదుపరి సంచికలో దాన్ని చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు