స్లాబు మీద నడిచిన ఆడోళ్లకు గ్రౌండు గేటు తెరవాలె

సంపాదకులు గారికి నమస్కారం,

షుగర్ పేషెంట్లు పెరుగుతున్నరని పేపర్ల ఎప్పుడు వార్త వచ్చినా కింద అన్నం తగ్గియ్యాలె, జొన్న రొట్టె తినాలె అనే ఉంటది. నడక గురించి ఒక్క లైను రాసి వదిలేస్తరు. ఆ ఒక్క లైను గురించే నేను చెప్దామనుకుంటున్న, ఎందుకంటే కరోనా లాక్‌డౌన్ల మా గల్లీల ఏమైందో కండ్లార చూసిన.

మాది హనుమకొండ. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ అయింది, ఇగ అప్పటి నుంచి గడప దాటుడే బంద్. సామానుకు పోవాల్నన్నా ఇంటికి 3 కిలోమీటర్ల లోపలే పోవాలె, పొద్దుగూకితే కర్ఫ్యూ. మా ఆయన అంతకుముందు 12 ఏండ్ల నుంచి రోజూ పొద్దుగాల గ్రౌండుకు పోయి గంట నడిచి దోస్తులతోని చాయ్ తాగి వస్తుండె. గ్రౌండు బందైనంక నడకే బంద్ పెట్టిండు, దోస్తులు లేకుంట కాళ్లు లేస్తలేవన్నడు. మా బాబుది జిమ్ము, కేంద్రం జిమ్ములకు పర్మిషన్ ఇచ్చిందే ఆగస్టు 5 నుంచి, అప్పటికి పిల్లగాడు 6 కిలోలు పెరిగిండు.

నాకేమో అప్పటిదాక నడక అంటేనే తెల్వదు. అప్పుడు 48 ఏండ్లు, షుగర్ వచ్చి 5 ఏండ్లు, డాక్టరమ్మ ప్రతిసారి నడువుమనుడు నేను సరే అనుడు, పొద్దందాక ఇంట్ల పని చేస్తనే ఉన్న గద అది చాలదా అని లోపల అనుకునుడు. ఏప్రిల్‌ల ఓ సాయంత్రం ఎండిన వడియాలు తీద్దామని స్లాబు మీదికి పోతే పక్కింటి వదిన వాళ్ల స్లాబు మీద నైటీ మీద చున్నీ ఏసుకొని గబగబ తిరుగుతున్నది. ఏంది వదినా అంటే, పగలంతా అందరు ఇంట్లనే ఉండి మూడు పూటలు పొయ్యి కాడనే ఐతుంది, జర గాలి పీల్చుకుందామని వచ్చిన అన్నది. తెల్లారి నుంచి నేను గూడ మొదలువెట్టిన. వారంల మా కిరాయికుండే అక్క, ఎనక గల్లీల ఇద్దరు ముగ్గురు, ఎవరి స్లాబు మీద వాళ్లు.

మాది 30కి 40 అడుగుల స్లాబు, పిట్టగోడ పక్కపొంటి తిరిగితే 25 చుట్లకు కిలోమీటరు అయితది. లెక్క తప్పకుంట చింతగింజలు పెట్టుకునేదాన్ని, చుట్టుకొకటి జరుపుడు. మే నెల ఎండకు స్లాబు కాలుతుంటది కాబట్టి రెండు బకెట్ల నీళ్లు చల్లి ఆరినంక ఆరున్నరకు మొదలు. ఎప్పుడు ఒకే దిక్కు తిరిగితే మోకాలు గుంజింది, అప్పటి నుంచి సగం చుట్లు ఎడమకు సగం కుడికి తిరిగేదాన్ని. 4 నెలలకు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష (హెచ్‌బీఏ1సీ) చేపిస్తే 8.6 ఉన్నది 7.3కు వచ్చింది, మందు మార్చలె. డాక్టరమ్మ రిపోర్టు రెండుసార్లు చూసింది.

తర్వాత అన్నీ తెరిసిన్రు. మా ఆయన మళ్ల గ్రౌండు పట్టిండు, మంచిదే. 2021 మేల మళ్ల లాక్‌డౌన్ పెట్టి పొద్దున 6 నుంచి 10 దాక విడిచినప్పుడు గూడ కూరగాయల సంచి చేతుల పట్టుకొని నడిచొచ్చేటోళ్లు మొగోళ్లు. మా ఆడోళ్లది మాత్రం ఒక్కొక్కరిది ఆగిపోయింది. బాక్సులు, బస్సులు, డ్యూటీలు మొదలైనయి. ఒక వదిన ఇల్లు అమ్మి అపార్ట్‌మెంటుకు పోయింది, ఆడ పైకి పోయే డోరుకు తాళం. ఇంకో అక్కకు గచ్చు మీద తిరిగి తిరిగి మోకాళ్లు పట్టుకున్నయి, మట్టి నేల మీద నడువుమన్నరు.

దీనికి చాలమంది ఆడోళ్లకు శ్రద్ధ లేదు అంటరు. నేను ఒప్పుకోను. రోజంత వంట చేసి సాయంత్రం 100 చుట్లు తిరిగిన మనిషికి శ్రద్ధ లేదంటరా? అప్పుడు ఆటో కిరాయి లేదు, చూసేటోడు లేడు, ఏం బట్టలేసుకోవాల్నన్న ఆలోచన లేదు, అక్కెర పడితే బాత్రూం కిందనే ఉన్నది. ఇవి దొరికినయి కాబట్టి నడిచినం. 2024ల లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికల వచ్చిన లెక్క ప్రకారం మన దేశంల సరిపోను శారీరక శ్రమ లేని పెద్దోళ్లు మొగోళ్లల 42 శాతం ఉంటే ఆడోళ్లల 57 శాతం ఉన్నరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి 150 నిమిషాలు, అంటే ఐదు రోజులు అరగంట. ఆ అరగంట ఎక్కడ నడవాలె అనేదే మా ప్రశ్న.

భద్రకాళి బండ్ మంచిగుంటది, వడ్డేపల్లి చెరువు కట్ట మీద గూడ జనం నడుస్తరు, కాదంటలేను, గని దూరం కాలనీల నుంచి రోజూ ఆడికి పోయి వచ్చుడు అయ్యే పని కాదు. మాకు ఇంటి దగ్గరి గ్రౌండే దిక్కు. మా దగ్గరున్న దానికి సాయంత్రం 6కే తాళం పడ్తది, మాకు పని ఒడిసేది 7కు. లోపల లైట్లు సగం వెలగయి, ఆడోళ్లకు బాత్రూం లేదు. మేం అడిగేది పెద్ద బడ్జెట్ పని కాదు, కాలనీ గ్రౌండ్లు, సర్కారు బడుల గ్రౌండ్లు రాత్రి 9 దాక తెరిసి పెట్టుండ్రి, చుట్టూ లైట్లు వెయ్యిండ్రి, ఒక బాత్రూం కట్టి దానికి నీళ్లు వచ్చేటట్టు చూడుండ్రి, ఓ ఆడ వాచ్‌మెన్ ఉంటే ఇంకా మంచిది. సిమెంటు ట్రాక్ అవసరం లేదు, మట్టే ఉంచుండ్రి, మా మోకాళ్లకు అదే మంచిది. ముందు మా వైపు ఒక్క గ్రౌండుల నెల రోజులు చేసి చూడుమనుండ్రి, రోజూ ఎంతమంది ఆడోళ్లు వస్తున్నరో నేనే గేటు కాడ నిలవడి రాసి ఇస్త.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ