జీడితోట ఒకచోట, ఇల్లు మరోచోట

సంపాదకులు గారికి,

ఆఫ్రికా ఆర్థిక పరిస్థితిపై చర్చ వచ్చినప్పుడల్లా 'సిద్ధాంతం ముంచింది, ఆచరణవాదం గట్టెక్కించింది' అని తేల్చేస్తుంటారు. సిద్ధాంతం ముంచిందనడానికి ముందుగా చూపించేది టాంజానియానే. అందులో సగం నిజముంది. మాది పలాస. ఇక్కడి ఫ్యాక్టరీలకు ఆఫ్రికా నుంచి జీడిపిక్కల బస్తాలు దిగుతుంటాయి గనక ఆ దేశం కథ మీద నాకు కాస్త ఆసక్తి ఎక్కువ.

సోషలిజమే తమ బాట అని చాటిన 1967 అరుషా ప్రకటన తర్వాత టాంజానియా అధ్యక్షుడు జూలియస్ నైరేరే 'ఉజమా' (కుటుంబంలా కలిసి బతకడం) పేరుతో చెల్లాచెదురుగా ఉన్న రైతులను ఊళ్లుగా కూర్చాలనుకున్నారు. మొదట నచ్చజెప్పారు. 1973 నుంచి చాలాచోట్ల బలవంతంగా తరలించారు. దేశ దక్షిణాన జీడితోట ఒకచోట, రైతు కొత్త ఇల్లు మరోచోట అయ్యాయి. కలుపు తీసే దిక్కులేక, రాలిన పిక్క ఏరే మనిషి లేక తోటలు పొదలయ్యాయి. కొనేది ప్రభుత్వ సంస్థే, ఇచ్చే ధర అంతంతమాత్రం. 1973-74లో దాదాపు 1.45 లక్షల టన్నులున్న దిగుబడి 1986-87 నాటికి 20 వేల టన్నుల లోపుకు పడిపోయింది.

అయితే పల్లెపల్లెకూ బడి వెళ్లిందీ ఆ నైరేరే హయాంలోనే. అది మాత్రం సిద్ధాంతం కాదా?

ఇక ఆచరణవాదం గట్టెక్కించిందనడానికి చూపించే బోట్స్వానా. 1967లో వజ్రాలు బయటపడిన ఏడాదే అధ్యక్షుడు సెరెట్సే ఖామా ప్రభుత్వం తెగల చేతిలోని ఖనిజ హక్కులను రాజ్యపరం చేసింది. తర్వాత డీబీర్స్ అనే వజ్రాల కంపెనీతో బేరమాడి గనుల్లో సగం వాటా రాబట్టింది. దీన్ని మార్కెట్ వాదం అనాలో, సోషలిజం అనాలో పెద్దలే చెప్పాలి.

– ఒక పాఠకుడు, పలాస