సినిమాటోగ్రఫీ మంత్రి గారికి కడప నుంచి ఓ పాత సీడీ షాపు వాడి ఉత్తరం

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కడపలో పదమూడేళ్ళు సీడీలు అద్దెకిచ్చే షాపు నడిపినవాణ్ణి. షాపు పోయిందని ఏడవడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ గదిలోనే ఇప్పుడు మా తమ్ముడి కొడుకు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు, నాకంటే బాగానే సంపాదిస్తున్నాడు. నా గొడవ వేరే.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఒకప్పుడు నెలకు రెండుసార్లైనా నా షాపుకొచ్చి పాత పౌరాణికం ఏదో ఒకటి పట్టుకుపోయేది. మొన్న మా ఇంటికొచ్చి అలాంటిదే ఒక సినిమా పెట్టమంది. వెతికితే ఒక యాప్‌లో దొరికింది. ఇంటర్వెల్ దాకా చూసి, కళ్ళు లాగుతున్నాయని, మిగతాది మళ్ళీ చూస్తానని వెళ్ళిపోయింది. పది రోజులకు వస్తే సినిమా లేదు. బొమ్మ కనిపిస్తోంది, నొక్కితే మాత్రం 'ప్రస్తుతం అందుబాటులో లేదు' అంటోంది. "యాడికి పోయింది నాయనా?" అని అడిగింది. ఆ యాప్ కంపెనీకి హక్కుల గడువు తీరిపోయి ఉంటుందని నాకు తోచినట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "నీ అంగట్లో అయితే ఎవరో తీసుకపోయినారు, రేపు వస్తాది అని చెప్తాంటివి గదా" అంది.

మంత్రి గారూ, ఆ రేపు ఎప్పుడో చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

మా వ్యాపారం గురించి గొప్పలు పోను. వీసీడీలో, అంటే సినిమా సీడీలో, పట్టేది 74 నిమిషాలు. మన సినిమా రెండున్నర గంటలు. అందుకే ఒక్కో సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు. ఎవరైనా తిరిగి తెచ్చినప్పుడు కవర్ తెరిచి చూడకపోతే మన పని అయిపోయినట్టే. మొదటి డిస్కు మనదే ఉంటుంది, రెండోది ఇంకెవరి సినిమాదో ఉంటుంది. సరిగ్గా క్లైమాక్స్‌లో స్ట్రక్ అయిందని రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి తలుపు కొట్టినవాళ్ళున్నారు. గీతలు పడిన డిస్కును పాత బనియన్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తుడిస్తే ఇంకా పాడవుతుంది. కొందరు టూత్‌పేస్ట్ రాసి తెచ్చేవాళ్ళు. కొత్త సినిమా అయితే థియేటర్లో దొంగచాటుగా తీసిన ప్రింటు, మధ్యలో ఎవరో లేచి నడుస్తున్న నీడతో సహా ఊళ్ళోకి వచ్చేది. నా షాపులో అవి ఎప్పుడూ లేవంటే అబద్ధం.

అయినా అద్దె పది రూపాయలు. సాయంత్రం ఒక ఇంట్లో చూసేవాళ్ళు, రాత్రి పక్కింటికి ఇచ్చేవాళ్ళు, పొద్దున నాకు తిరిగిచ్చే లోపు ఇంకో ఇంట్లో సగం నడిచేది. పది రూపాయలకు మూడిళ్ళు. నాకు తెలుసు, తెలియనట్టే ఉండేవాణ్ణి.

తర్వాత జరిగింది మీకూ తెలిసిందే. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ కంపెనీ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34కు అమ్మడం మొదలుపెట్టింది. కొనుక్కుంటేనే ఆ ధర అయితే అద్దెకెవడొస్తాడు? తర్వాత ఆ కంపెనీ కూడా మూతపడింది. నేను షట్టర్ దించిన రెండేళ్ళకు, 2016 సెప్టెంబర్లో జియో వచ్చింది. డిస్కులు పోస్టులో పంపుతూ మొదలైన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబర్లో అమెరికాలో ఆఖరి డిస్కు పంపి ఆ పని మానేసింది. అంత పెద్దవాళ్ళే మానుకున్నాక నేనెంత.

తమాషా ఏమిటంటే అద్దె మాత్రం పోలేదు. కొన్ని యాప్‌లలో ఇప్పటికీ 'రెంట్' అని బటన్ ఉంటుంది. డబ్బు కట్టి సినిమా మొదలుపెడితే 48 గంటల్లో చూసేయాలి. పక్కింటికి ఇవ్వడం కుదరదు. ఒక సినిమా ఒక యాప్‌లో, ఇంకోటి ఇంకో యాప్‌లో, అన్నిటికీ వేరే వేరే చందాలు. స్మార్ట్ ఫోన్, యూపీఐ, పాస్‌వర్డ్, ఇవన్నీ ఉన్న మనవడు హైదరాబాద్‌లో ఉంటాడు. అవ్వ కడపలో ఉంటుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడినది కాదనుకుంటాను. కేరళ ప్రభుత్వం 2024 మార్చిలో సీస్పేస్ అని సొంత ఓటీటీ పెట్టింది. నెల చందా లేకుండా, చూసిన సినిమాకు 75 రూపాయలని మొదలుపెట్టింది. మనకు ఫైబర్‌నెట్ ఉంది. 2017 డిసెంబర్లో రాష్ట్రపతి చేతుల మీదుగా ప్రారంభమైంది, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ అన్నారు. టీవీకి తగిలించే ఆ ఫైబర్‌నెట్ డబ్బాలోనే పాత తెలుగు సినిమాలకు ఒక చోటు ఇవ్వండి. పది రూపాయలు పెట్టండి, ఇరవై పెట్టండి, రిమోట్‌తో నొక్కితే రావాలి.

హక్కుల సంగతి అడుగుతారని తెలుసు. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. అంటే 1964 దాకా వచ్చిన సినిమాలకు ఆ గడువు తీరిపోయింది. మా అవ్వ అడిగేవన్నీ ఆ కాలంవే. మంచి ప్రింట్లు ఎవరి దగ్గరున్నాయో వెతకడం, వాటిని బాగుచేయించడం కష్టమే, ఒప్పుకుంటాను. ఆ కష్టం ఒక సీడీ షాపు వాడు పడలేడు, ప్రభుత్వం పడగలదు.

ఇంకొకటి. పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి గారు, ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి గారు, ఇద్దరూ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్నవాళ్ళు. ఇద్దరూ మా జిల్లా వాళ్ళే. దర్శకుడు కె.వి.రెడ్డి గారిది పక్కనే తాడిపత్రి. ఇంతమందిని ఇచ్చిన సీమలో వాళ్ళ సినిమా చూడాలంటే ఏదో కంపెనీ దయ మీద ఆధారపడాలా? కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం తాళపత్రాలనే భద్రంగా దాచింది. అక్కడ గానీ, జిల్లా గ్రంథాలయంలో గానీ ఒక గది, ఒక పెద్ద టీవీ, పది కుర్చీలు ఇప్పించండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మేమూ కడుతున్నాం.

నా దగ్గర రెండు ట్రంకు పెట్టెల్లో ఒరిజినల్ సీడీలు, డీవీడీలు నాలుగు వందల దాకా మిగిలాయి. కవర్ల మీద నా చేతి రాతతో నంబర్లున్నాయి. కొన్ని ఆడతాయి, కొన్ని ఆడవు. ఆ గది ఎప్పుడు తెరుస్తారో చెబితే నా ఖర్చుతోనే ఆటోలో తెచ్చి అప్పగిస్తాను. 212 నంబరులో మాత్రం రెండో డిస్కు లేదు, ఎవరో ఇంకా తిరిగివ్వలేదు.

ఇట్లు,
ఒకప్పటి సీడీ షాపు యజమాని,
కడప