మిడి ఉన్న సౌండ్ కార్డు విషయంలో సాయం చేసిన అందరికీ

ముందుగా అందరికీ థ్యాంక్స్. ఒక్కొక్కరి పేరూ రాద్దామనుకున్నా గానీ కొందరికి అది నచ్చకపోవచ్చు, ఎవరు ఏం చెప్పారో చదివితే మీకే తెలిసిపోతుంది. నేను అడిగింది ఒక్క లైను, మిడి (ఏ నోటు ఎప్పుడు నొక్కామో వాయిద్యాల మధ్య, కంప్యూటర్‌కీ చేరవేసే పద్ధతి) ఉన్న మంచి సౌండ్ కార్డు ఏది అని. ఏదో ఒక మోడల్ పేరు చెప్పి ఊరుకున్నా నేనేమీ అనుకునేవాణ్ణి కాదు. మీరు అలా చేయలేదు. నా దగ్గరున్న పెట్టెలన్నీ వెనక్కి తిప్పించి, ఏ సాకెట్ ఉంది, దాని కింద ఏం రాసుంది, ఏది ఎటు పోవాలి అని అడిగి అడిగి, ఆ తర్వాతే కొనే మాట ఎత్తారు. కార్డు వచ్చేసింది, అనుకున్న పనులన్నీ చేస్తోంది. ఇదే తిప్పలో ఉన్న ఇంకొకరికి పనికొస్తుందని మీరు చెప్పినవి కాస్త వివరంగానే రాస్తున్నా.

నా సామాను ఇదీ. యూఎస్‌బీ అన్నదే లేని పాత సింథసైజర్ ఒకటి, వెనక ఇన్, ఔట్, త్రూ అని మూడు 5 పిన్నుల గుండ్రటి సాకెట్లు. ఇన్, ఔట్ ఉన్న డ్రమ్ ప్యాడ్ మాడ్యూల్ ఒకటి. 3.5 ఎంఎం జాక్‌లోంచి మిడి పంపే చిన్న సీక్వెన్సర్ (నోట్ల వరుసని దాచుకుని తనే వాయించే పెట్టె) ఒకటి. వీటితో పాటు పాత కంప్యూటర్‌లోంచి పీకిన పీసీఐ సౌండ్ కార్డు, గేమ్ పోర్టు (జాయ్‌స్టిక్ పెట్టే 15 పిన్నుల సాకెట్) ఉన్నది. అది ఇంకా పనిచేస్తుంది కదా, దాన్నే వాడుకుంటే పోలా అన్నది నా మొదటి ఆలోచన.

ఆ ఆలోచన మాన్పించిన రిపేర్ల పెద్దాయనకి మొదటి దండం. గేమ్ పోర్టు 15 పిన్నుల్లో 12, 15 పిన్నుల మీద మిడి వస్తుందన్నది నిజమే, కానీ అది 5 వోల్టుల లాజిక్ సిగ్నల్, అసలు మిడి మాత్రం కరెంట్ లూప్ మీద, అంటే తీగలో కరెంటు పారడం, ఆగడం మీద నడుస్తుంది, రెండోవైపు ఆ సిగ్నల్‌ని వెలుతురుతో దాటించే ఆప్టోకప్లర్ ఉండాలి, అందుకే ఆ రోజుల్లో అమ్మిన అడాప్టర్ కేబుల్ లోపలే ఆ సర్క్యూట్ పెట్టేవాళ్లు, ఊరికే నాలుగు తీగలు అతికిస్తే అవదు అని ఓపిగ్గా చెప్పారు. పైగా విండోస్ విస్టా నుంచే గేమ్ పోర్టుకి సపోర్టు తీసేశారు, కొత్త మదర్‌బోర్డు మీద పీసీఐ స్లాటే లేదు. ఆ కార్డు కథ అంతటితో సరి. (పాత కంప్యూటర్ల కీబోర్డు ప్లగ్గు కూడా 5 పిన్నులదే, అచ్చం మిడి ప్లగ్గులాగే ఉంటుంది, సరిపోయింది కదా అని గుచ్చకండి అని ఆయనే ఇంకో హెచ్చరిక కూడా ఇచ్చారు. చూస్తే నిజంగానే తేడా తెలియదు!)

స్టూడియోలో పనిచేసే అక్క అడిగిన ప్రశ్నే అన్నిటికన్నా పనికొచ్చింది. "రెండూ ఒకేసారి రికార్డు చేస్తావా, ఒకదాని తర్వాత ఒకటా?" అని. నేనైతే రెండు పరికరాలున్నాయి కాబట్టి రెండు ఇన్‌లు, రెండు ఔట్‌లు ఉన్న కార్డే వెతుకుతున్నా. ఆవిడ లెక్క వేరు. ఒక మిడి కేబుల్‌లో 16 ఛానెళ్లు పోతాయి, కంప్యూటర్ ఔట్ నుంచి సింథ్ ఇన్‌కి, సింథ్ త్రూ నుంచి డ్రమ్ మాడ్యూల్ ఇన్‌కి గొలుసు వేసి, సింథ్‌ని 1వ ఛానెల్‌లో, డ్రమ్స్‌ని 10వ ఛానెల్‌లో పెడితే ఒక్క ఔట్ చాలు. త్రూ అంటే ఇన్‌లోకి వచ్చినదాన్ని యథాతథంగా బయటికి పంపేది మాత్రమే, సింథ్ మీద మనం వాయించింది అందులోంచి రాదు, అది ఔట్‌లోంచే వస్తుంది. చిక్కంతా కంప్యూటర్‌లోకి వచ్చే దారిలో. రెండు ఔట్‌లని వై కేబుల్‌తో కలిపి ఒక ఇన్‌లో పెట్టలేం, రెండువైపుల నుంచి బైట్లు ఒకదాని మీద ఒకటి పడి పాడైపోతాయి, దానికి మెర్జ్ బాక్స్ అని వేరే పరికరం కావాలి. నేను ఒక్కణ్ణే, ఒకసారికి ఒకటే వాయిస్తాను. కాబట్టి ఒక ఇన్, ఒక ఔట్ చాలు. ఈ ఒక్క మాటతో నా జాబితాలోని పెద్ద పెద్ద పెట్టెలన్నీ ఎగిరిపోయాయి. అక్కా, మీకు ఎంత చెప్పినా తక్కువే. సింథ్ కీలు దాని సొంత శబ్దాన్ని నేరుగా మోగించే లోకల్ కంట్రోల్‌ని ఆఫ్ చేయమన్నది కూడా మీరే, లేకపోతే ప్రతి నోటూ రెండుసార్లు మోగేది.

ఆలస్యం గురించి చిన్న వాదన కూడా జరిగింది, గుర్తుందా? మిడి 1983 నాటిది, సెకనుకు 31,250 బిట్లే, అందుకే నొక్కిన కాసేపటికి మోగుతుంది అని ఒకరన్నారు. దానికి ఇంకొకరు లెక్క కట్టి చూపించారు: ఒక నోట్ అంటే మూడు బైట్లు, స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 30 బిట్లు, అంటే ఒక మిల్లీసెకను కూడా పట్టదు. అదే సౌండ్ కార్డు బఫర్ (శబ్దాన్ని పంపే ముందు పోగుచేసుకునే చోటు) 1,024 శాంపిళ్లు పెడితే 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ ఒక్కచోటే 23 మిల్లీసెకన్లు, 128 పెడితే 3 మిల్లీసెకన్ల లోపు. కాబట్టి చూడాల్సింది తయారుచేసినవాళ్లే ఇచ్చే అసలు ఆసియో డ్రైవర్ (విండోస్‌లో ఈ ఆలస్యాన్ని తగ్గించే ఆడియో డ్రైవర్) ఉందా లేదా అన్నది. నా అనుభవం కూడా ఇప్పుడు అదే చెబుతోంది. విండోస్‌తో వచ్చే సింథ్‌తో వాయిస్తే చేతికీ చెవికీ పొంతన లేదు, అదే కేబుల్‌తో ఆసియో డ్రైవర్ మీద సాఫ్ట్‌వేర్ పియానో పెడితే హాయిగా ఉంది.

సౌండ్ కార్డు ఏదైనా తీసుకుని పక్కన ఒక చవక యూఎస్‌బీ మిడి కేబుల్ పెట్టుకుంటే సరిపోదా అని అడిగినప్పుడు ఒకాయన సూటిగా చెప్పాడు: నోట్స్ వాయించడానికైతే చాలావరకు సరిపోతుంది, సిస్‌ఎక్స్ అవసరమైతే మాత్రం నమ్మొద్దు అని. సింథ్ లోపలి టోన్లని, సెట్టింగులని మిడి కేబుల్ మీదుగా పంపే మెసేజే సిస్‌ఎక్స్. నాకు అసలు కావలసిందే అది. సింథ్ లోపలి బ్యాటరీ పాతబడింది, అది పోయిందంటే ఇన్నేళ్లుగా చేసుకున్న టోన్లన్నీ పోతాయి, అదే నా టెన్షన్. సిస్‌ఎక్స్ డంప్ ఎఫ్0తో మొదలై ఎఫ్7తో ముగిసే ఒక పొడవాటి మెసేజ్, 32 కిలోబైట్లు ఉంటే పదిన్నర సెకన్లు ఆగకుండా వస్తుంది, కొన్ని చవక కేబుళ్లలో బఫర్ చిన్నది కావడంతో మధ్యలో బైట్లు జారిపోతాయి. రెండుసార్లు డంప్ తీసి రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూడమని ఆయన చెప్పిన చిట్కా బంగారం. పోల్చాను, బైటు కూడా తేడా లేదు.

ఇక మోడళ్లు. ఒకే వరుసలో ఒకదానికి మిడి ఉంటుంది, పక్కదానికి ఉండదు, పెట్టె మీద బొమ్మ చూసి కొనేవాళ్లు జాగ్రత్త. స్కార్లెట్ 2ఐ2కి మిడి లేదు, 4ఐ4కి ఉంది. బెరింగర్ యూఎంసీ202హెచ్‌డీకి లేదు, 204హెచ్‌డీకి ఉంది. స్టైన్‌బర్గ్ యూఆర్22సీకి ఉంది, మోటు ఎం2కి ఉంది. చివరి రెండింటి మధ్య చాలాసేపు ఊగిసలాడి ఎం2 తీసుకున్నా. ముందువైపు తెర మీద లెవెల్ మీటర్లు కనిపిస్తాయి, వెనక ఆన్ ఆఫ్ స్విచ్ ఉంది. కారణాలు ఇంతే, యూఆర్22సీ తీసుకున్నా నా పని జరిగేదే.

సీక్వెన్సర్ 3.5 ఎంఎం జాక్ సంగతి చెప్పిన తమ్ముడికి ప్రత్యేకంగా థ్యాంక్స్. టైప్ ఎ, టైప్ బి అని రెండు రకాలున్నాయని నాకు అసలు తెలియదు. రెండింటికీ జాక్ కొసకి (టిప్), దాని వెనకున్న పట్టీకి (రింగ్) వెళ్లే తీగలు తారుమారు. 2018లో టైప్ ఎ ని ప్రమాణంగా ఖరారు చేశారు గానీ అంతకు ముందువి ఎలాగైనా ఉండొచ్చు, మాన్యువల్ చూసే అడాప్టర్ కొను అన్నాడు. చూశాను, నాది బి. చూడకుండా కొని ఉంటే టైప్ ఎ తెచ్చుకునేవాణ్ణే.

ఇంకా ఒక పని మిగిలింది. టోన్లు రెండు చోట్ల దాచాను కాబట్టి సింథ్ విప్పి బ్యాటరీ మార్చాలి. లోపల అది హోల్డర్‌లో ఉందో, బోర్డుకి సోల్డర్ చేసి ఉందో విప్పాకే తెలుస్తుంది. సోల్డర్ చేసి ఉంటే మాత్రం పెద్దాయనా, మళ్లీ మిమ్మల్నే విసిగిస్తాను, ఇప్పుడే చెప్పేస్తున్నా.