చప్టా మీద నీళ్లు తీసేదాకా రావద్దు అమ్మణ్ణీ

అమ్మణ్ణీ,

ఫోన్లో చెబితే "సరే నాయనా, సరే" అని పెట్టేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నా, నిదానంగా చదువు. బంగాళాఖాతంలో మళ్లీ అల్పపీడనం అంటున్నారు. నువ్వేమో శనివారం ఆఫీసు అవ్వగానే స్కూటీ మీద వచ్చేస్తానన్నావంట మీ అమ్మతో. ఈ వారం వద్దు. నెల్లూరులో హాస్టల్లోనే ఉండు.

నీకు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటుంది. 2015 నవంబరు వానలప్పుడు మన మోపెడ్ అమ్మేశానని చెప్పాను గదా, నువ్వు రెండు రోజులు ఏడ్చావు కూడా. అమ్మలేదమ్మా. వాగులో పోయింది.

ఆ రోజు కోవూరు నుంచి వస్తున్నా, పొద్దు గూకింది. మన ఊరి దారిలో వాగు దాటే చప్టా అంచున పాతిన రాళ్ల తలలు పైకి కనబడుతున్నాయి కాబట్టి మోకాటి లోతే అనుకున్నా, నిజంగానే మోకాటి లోతే ఉంది. నా ముందు ఒకాయన కర్ర పొడుచుకుంటూ దాటాడు, ఆయన దాటాడు గదా అని నేనూ బండి తోసుకుంటూ దిగాను. సగం దాకా ఏమీ కాలేదు. అక్కడ సిమెంటు కింద మట్టి కోసుకుపోయి ఒక ముక్క విరిగిపోయి ఉంది, ఆ ఎర్రనీళ్లలో అది ఎవరికి కనబడుతుంది, ముందు చక్రం అందులోకి దిగబడింది. హ్యాండిల్ వదిలేసి ఉంటే సరిపోయేది. బండి పోతుందని గట్టిగా పట్టుకున్నా, అది నన్ను కూడా లాక్కుని పోయింది. అంచురాయి ఒకటి చేతికి దొరికింది కాబట్టి సరిపోయింది, గట్టు మీదున్నవాళ్లు పంచెలు ముడేసి విసిరి లాగారు. ఒడ్డెక్కాక చూసుకుంటే చెప్పుల్లేవు, నీ కోసం కొన్న బిస్కెట్ ప్యాకెట్టు మాత్రం జేబులో ముద్దయి ఉంది. రెండు రోజుల తర్వాత దిగువన సరుగుడు తోట పక్కన బురదలో బండి దొరికింది, ఇక పనికి రాలేదు.

ఆ రాత్రి కోవూర్లోనే ఎవరింట్లోనో పడుకుని ఉండొచ్చు. అంత తొందరేమీ లేదు నాకు. ఇల్లు దగ్గరికి వచ్చేశాం గదా అన్న ఆలోచనే నన్ను నీళ్లలోకి దించింది. నీకూ అదే అనిపిస్తుంది, పాతిక కిలోమీటర్లు వచ్చాక ఇంకొక్క కిలోమీటరే గదా అనిపిస్తుంది. అప్పుడు వెనక్కి తిరుగు. పారే నీళ్లు అరడుగు ఉంటే చాలు మనిషి కాళ్లు తప్పడానికి, రెండడుగులుంటే కారునే పక్కకు తోసేస్తాయి, నీ స్కూటీ ఎంత. అవతల ఎవరో చెయ్యి ఊపి రమ్మన్నా దిగొద్దు.

ఇంకోటి, మన మీద వాన లేదు గదా అని ధీమాగా ఉండకు. 2021 నవంబరులో నువ్వూ చూశావు. కడప జిల్లాలో పడిన వానకు 19వ తేదీ చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగింది, ఆ నీళ్లన్నీ పెన్నలోకే గదా, ఎగువన పెన్న మీదున్న సోమశిల డ్యామ్ నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదలాల్సి వచ్చింది. క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్లు, లెక్కేసుకో. పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయింది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. నెల్లూరులో ఏటి ఒడ్డు కాలనీల వాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మిద్దెలెక్కారు. అందుకే ఆకాశం కాదు, సోమశిల గేట్ల సంగతి కనుక్కో. పొర్లుకట్ట మీద నిలబడి వీడియోలు తీసే జనంలో నువ్వు ఉండకు, నీళ్లు తాకిన కట్ట ఎప్పుడు జారుతుందో తెలియదు.

ఊళ్లో ఉంటే భయం లేదనీ అనుకోకు. మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిలు గట్టి వానకే నిండుతాయి, అటు పోవద్దు. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకు, వదిలేసి బయటికి రా. కాలవ మూతలు ఎక్కడ తీసి ఉన్నాయో కనబడదు, నడవాల్సి వస్తే రోడ్డు మధ్యలో నడువు. కరెంటు స్తంభం, స్టే వైరు, ట్రాన్స్‌ఫార్మర్ కంచె, వీటి జోలికి పోకు, తెగిన తీగ కనబడితే దూరం నుంచే 1912కు చెప్పు. నీ గది కిందనే గదా, నీళ్లు గడప దాకా రాకముందే మెయిన్ ఆపేయమని వార్డెనమ్మకు చెప్పండి, నేల తడిగా ఉంటే మీరెవరూ స్విచ్ ముట్టుకోవద్దు. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి పై అరలో పెట్టు, ఫోను, పవర్ బ్యాంకు నిండా ఛార్జింగ్ ఉంచు.

వరదకు పాములు పొడి చోటు వెతుక్కుని ఇళ్లలోకి వస్తాయి. బూటు, చెప్పు, పక్కబట్టలు దులపకుండా వాడకు. ఎవరినైనా కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, బిగించి కట్టడం, పసరు మందు, ఏదీ వద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మంచినీళ్లు కాచి చల్లార్చుకుని తాగు, క్యాన్ నీళ్లయినా సరే.

మీ అమ్మ నీ కోసం రొయ్యల వేపుడు చేద్దామనుకుంది, నువ్వు రాకపోతే ముఖం చిన్నబుచ్చుకుంటుంది, అది నేను చూసుకుంటా. నీళ్లు తీసిన రోజు నేనే చప్టా మీద అవతలికీ ఇవతలికీ నడిచి, ఎక్కడైనా గుంట పడిందేమో చూసి నీకు ఫోన్ చేస్తా. అప్పుడు బయల్దేరు, అదీ పగటిపూట.

మీ నాయన