తేనెటీగలు, మన మందు డబ్బాలు
అందరికీ నమస్కారం. సెల్ టవర్ల వల్లే తేనెటీగలు పోతున్నాయని నిన్న ఫార్వర్డ్ వచ్చింది. దానికి గట్టి రుజువు లేదండి.

2006లో అమెరికాలో తేనెటీగల పెట్టెలకు పెట్టెలు ఖాళీ అయ్యాయి. రాణి, తేనె అలాగే ఉన్నాయి, కూలి ఈగలే మాయం! ఒక్క కారణమంటూ తేలలేదు. ఈగల ఒంటిని పట్టి పీల్చే వరోవా నల్లి, అది అంటించే వైరస్‌లు, పూల మేత తగ్గడం, పురుగుమందులు అన్నీ కలిశాయంటారు. ఈ నల్లి మన ఆసియా ఈగ నుంచే యూరప్ ఈగకు పాకింది. మన ఈగ ఆ నల్లిని కొంత దులుపుకుంటుంది, పాపం యూరప్ ఈగకు అంతగా చేతకాదు.

మనం పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు తేనెటీగలకు ముప్పని, దాన్ని ఆరుబయట పొలాల్లో వాడొద్దని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. దోస, పుచ్చ పూత మీదున్నవాళ్లు పగలు మందు కొట్టకండి. తప్పదంటే ఈగలు గూటికి చేరాక, పొద్దుగూకాక కొట్టండి. పక్కన పెట్టెలున్నవాళ్లకు ముందురోజే ఫోన్ చేయండి.